విప్లవ కాలంలో ఒక కార్డినల్: ఎర్కోలే కొన్సాల్వి గురించి అపోహలు - వాస్తవాలు

ఫ్రెంచి విప్లవం గురించి డిగ్రీ పుస్తకాల్లో చదువుకున్నవాళ్లకు బాస్టిల్ తెలుసు, రోబెస్పియర్ తెలుసు, నెపోలియన్ తెలుసు. శ్రీసభ (కథోలిక చర్చి) సంగతికొస్తే మాత్రం రెండు పేరాలతో సరి. ఆస్తులు జప్తు చేశారు, తర్వాత నెపోలియన్ పోపుతో ఒప్పందం చేసుకున్నాడు, అంతే. ఆ ఒప్పందం ఎవరు కుదిర్చారో, ఎంత కష్టం మీద కుదిరిందో అందులో ఉండదు. పోపు తరఫున కుదిర్చినవాడు ఎర్కోలే కొన్సాల్వి. 1757లో రోములో పుట్టాడు, 1824లో కన్నుమూశాడు. ఆ మధ్యలో జైలు చూశాడు, ప్రవాసం చూశాడు, రెండుసార్లు పోపు ప్రభుత్వాన్ని నడిపాడు, పోపులు ఏలిన మధ్య ఇటలీ రాజ్యం చేజారిపోతే, వియన్నాలో కూర్చుని దాన్ని తిరిగి సంపాదించాడు.

నేను సెమినరీలో శ్రీసభ చరిత్ర బోధిస్తాను. ఈయన పాఠం వచ్చినప్పుడల్లా విద్యార్థుల ప్రశ్నల్లో, ప్రసంగాల్లో చెప్పే కథల్లో, వాట్సాప్‌లో తిరిగే కొటేషన్లలో అవే పొరపాట్లు ఎదురవుతుంటాయి. కొందరి దృష్టిలో ఆయన గడుసు రాజకీయవేత్త. ఇంకొందరికి నెపోలియన్‌ను ఎదిరించిన వీరుడు. ఈ రెండు బొమ్మల్లోనూ అసలు మనిషి తప్పిపోతాడు. ఏది వదులుకోవచ్చో, ఏది ఏమైనా వదలకూడదో కొన్సాల్వికి స్పష్టంగా తెలుసు. మొదటి రకంవి తనవాళ్లే కోప్పడేంత ధారాళంగా ఇచ్చేశాడు. రెండో రకంవి చక్రవర్తి అడిగినా ఇవ్వలేదు. ఆయన్ని ఇలా చూస్తేనే ఆయన చేసిన పనులన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి.

అపోహ: కార్డినల్ అంటే బిషప్పుల మీద బిషప్పు. గురుపట్టం (గురువుగా అభిషేకం) లేకుండా కార్డినల్ కాలేరు.

ఇప్పుడు మనం చూస్తున్న కార్డినళ్లంతా దాదాపుగా బిషప్పులే కాబట్టి ఈ అభిప్రాయం సహజం. తెలుగువారిలో మొదటి కార్డినల్ పూల ఆంథోని గారు 2022లో ఆ పదవి అందుకునేనాటికే హైదరాబాద్ అగ్రపీఠాధిపతి. కానీ కొన్సాల్వి కాలంలో పద్ధతి వేరు. కార్డినల్ అంటే పోపుకు సలహాదారు, తర్వాతి పోపును ఎన్నుకునే ఓటరు. అందులో బిషప్పుల వర్గం, గురువుల వర్గం, డీకన్ల వర్గం అని మూడు ఉండేవి. డీకన్ అంటే గురువు కంటే ఒక మెట్టు కింద. ఆ వర్గంలోకి రావడానికి గురుపట్టం అక్కర్లేదు.

కొన్సాల్వి 1800 ఆగస్టు 11న కార్డినల్ అయ్యాడు. డీకన్ పట్టం 1801 డిసెంబరులో పొందాడు. గురువుగా ఎప్పుడూ అభిషిక్తుడు కాలేదు. అంటే దివ్యబలిపూజ సమర్పించే అధికారం గానీ, పాపసంకీర్తనం వినే అధికారం గానీ జీవితంలో ఏనాడూ లేని మనిషి పోపుకు రాజ్య కార్యదర్శిగా, అంటే ప్రధానమంత్రి లాంటి పదవిలో, కథోలిక లోకం మొత్తానికి రెండో స్థానంలో కూర్చున్నాడు. గురువై ఉండాలన్న నియమం 1917 ధర్మశాస్త్రంతో వచ్చింది. బిషప్పు అభిషేకం కూడా ఉండాలన్నది 1962లో ఇరవై మూడవ జాన్ పోపు పెట్టింది. గురుపట్టం లేని చివరి కార్డినల్ తెయొదొల్ఫో మెర్తెల్ 1899లో చనిపోయాడు.

అందుకే కొన్సాల్విని మన విచారణ గురువులతోనో (స్థానిక గుడుల బాధ్యులు), పీఠాధిపతులతోనో (బిషప్పులు) పోల్చుకుని చదివితే అర్థం కాడు. ఆయన పాలనాధికారి, న్యాయాధికారి. చిన్నప్పుడే తండ్రి పోయాడు. ఫ్రస్కాటిలో హెన్రీ స్టువర్ట్ కార్డినల్ నడిపిన సెమినరీలో చదివాడు. ఇంగ్లాండు సింహాసనం కోల్పోయిన స్టువర్టు రాజవంశంలో చివరివాడు ఈ హెన్రీ. ఆయనకు కొన్సాల్వి మీద ప్రత్యేకమైన అభిమానం, చివరిదాకా అండగా ఉన్నాడు. ఆ తర్వాత చదువు రోములో. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి 1792లో రోటా అనే ఉన్నత ధర్మాసనంలో న్యాయాధికారి అయ్యాడు. దస్తావేజు చదవడం, మాటలు తూచి రాయడం ఆయన వృత్తి. పారిస్‌లో ఆయన్ని నిలబెట్టింది ఆ అలవాటే.

అపోహ: విప్లవం దేవునికి వ్యతిరేకంగా పుట్టింది. గురువులంతా రాజు పక్షాన నిలిచారు.

1789 జూన్‌లో మూడవ వర్గం (సామాన్య ప్రజల ప్రతినిధులు) తనదే జాతీయ సభ అని ప్రకటించుకునే ముందు, మొదట వెళ్లి ఆ వర్గంతో కలిసినవాళ్లు పల్లెల విచారణ గురువులే. శ్రీసభ ఆస్తుల్ని జాతిపరం చేయాలని సభలో ప్రతిపాదించింది కూడా ఒక బిషప్పే. ఆయన ఓటన్ పీఠాధిపతి టాలీరాండ్. ఆ ఏడాది నవంబరు 2న చట్టం అయింది.

అసలు చీలిక 1790 జూలై 12న వచ్చింది. ఆరోజు చేసిన చట్టం ప్రకారం బిషప్పుల్ని, విచారణ గురువుల్ని ఓటర్లు ఎన్నుకోవాలి, పోపుకు ఒక ఉత్తరం ముక్క రాస్తే చాలు. దానికి కట్టుబడతామని గురువులంతా ప్రమాణం చేయాలన్నారు. విచారణ గురువుల్లో ఇంచుమించు సగం మంది చేశారు. బిషప్పుల్లో మాత్రం ఏడుగురే. దాంతో ఫ్రాన్సులో ఒకే ఊరికి ఇద్దరు గురువులు, ఒకే మేత్రాసనానికి (బిషప్పు పరిధిలోని ప్రాంతానికి) ఇద్దరు పీఠాధిపతులు తయారయ్యారు. 1792 సెప్టెంబరులో పారిస్ జైళ్లలో జరిగిన ఊచకోతలో రెండు వందలకు పైగా గురువులు చనిపోయారు. తరువాత గుడులు మూశారు, గంటలు కరిగించి ఫిరంగులు పోశారు.

ఇది గుర్తుపెట్టుకోవాలి. కొన్సాల్వి 1801లో పారిస్ వెళ్లేటప్పటికి ఆయన ముందున్నది దేవుణ్ణి నమ్మేవాళ్లకూ నమ్మనివాళ్లకూ మధ్య తగాదా కాదు. రెండుగా చీలిన కథోలికులు, పదేళ్లుగా రక్తంతో తడిసిన పగ. ఆ చీలిక మానకపోతే ఫ్రాన్సులో శ్రీసభ ఉండదన్నది ఆయన భయం. నా లెక్కలో ఆ భయం సరైనదే.

అపోహ: కొన్సాల్వి ఎప్పుడూ కోటల్లో, విందుల్లో బతికిన దొర. కష్టం ఎరగడు.

1797 డిసెంబరు 28న రోములో జరిగిన అల్లర్లలో ద్యూఫో అనే ఫ్రెంచి జనరల్ చనిపోయాడు. అప్పుడు పోపు సైన్యం వ్యవహారాలు చూస్తున్నది కొన్సాల్వి. ఫ్రెంచి సేనలు 1798 ఫిబ్రవరిలో రోమును పట్టుకుని రిపబ్లిక్ ప్రకటించాక ఆయన్ని సంతాంజెలో కోటలో బంధించారు, ఆస్తి జప్తు చేశారు, తర్వాత దేశం నుంచి వెళ్లగొట్టారు. ముసలి పోపు ఆరవ పయస్‌ను బండి మీద ఊరూరా తిప్పుతూ ఫ్రాన్సు దాకా ఈడ్చుకెళ్లారు. 1799 ఆగస్టు 29న వలాన్స్‌లో బందీగానే ఆయన కన్నుమూశాడు. ఈయనే ఆఖరి పోపు అని అప్పట్లో చాలామంది గట్టిగా నమ్మారు.

కార్డినళ్లు రోములో కలవలేక ఆస్ట్రియా నీడలో ఉన్న వెనిస్‌లో, సాన్ జొర్జో ద్వీపం మీది మఠంలో సమావేశమయ్యారు. ఆ ఎన్నికల సభకు కార్యదర్శిగా కొన్సాల్వినే పెట్టుకున్నారు. మూడు నెలలకు పైగా ఎటూ తేలలేదు. ఒక వర్గం బెల్లిసోమి అంటే ఇంకో వర్గం మత్తేయి అంది, ఆస్ట్రియా చక్రవర్తి మనిషి మధ్యలో అడ్డం పడ్డాడు. చివరికి ఎవరి ఖాతాలోనూ లేని ఇమోలా బిషప్పు కియరమోంటి పేరు ముందుకొచ్చింది. ఆ పేరు మీద రెండు పక్షాల్నీ ఒక్కచోటికి తేవడంలో కొన్సాల్వి చేయి ఉంది. 1800 మార్చి 14న కియరమోంటి ఏడవ పయస్ అయ్యాడు. కిరీటం రోములో చిక్కుకుపోవడంతో కాగితపు గుజ్జుతో చేసిన కిరీటం పెట్టారు.

ఈ కియరమోంటి 1797 క్రిస్మస్ ప్రసంగంలో ప్రజాస్వామ్యానికీ సువార్తకూ వైరం లేదని చెప్పిన మనిషి. అది విని అప్పట్లో సంప్రదాయవాదులు ఉలిక్కిపడ్డారు. మృదుస్వభావి, బెనెడిక్టు సభ సన్యాసి. ఆయన పక్కన లెక్కా పత్రం తెలిసిన కొన్సాల్వి. ఈ ఇద్దరి జోడీ 23 ఏళ్లు నిలిచింది. ఎవరి బలం ఎక్కడ ఆగుతుందో రెండోవారికి తెలుసు.

అపోహ: 1801 ఒప్పందం నెపోలియన్ రాసిచ్చింది. కొన్సాల్వి సంతకం పెట్టి వచ్చాడు.

దీని మీదే నేను క్లాసులో ఎక్కువ సమయం తీసుకుంటాను. మొదట సందర్భం. మరెంగో యుద్ధం గెలిచిన నెపోలియన్‌కు ఫ్రాన్సులో అంతర్యుద్ధం ఆగాలి, దానికి గురువులు కావాలి. రోముకు పంపిన తన రాయబారి కకోకు, పోపు వెనుక రెండు లక్షల సైన్యం ఉన్నట్టే ఎంచి మాట్లాడమని చెప్పాడు. కానీ పారిస్‌లో చర్చలు నెలల తరబడి సాగేసరికి ఓపిక పోయింది. అయిదు రోజుల గడువు పెట్టి, ఒప్పుకోకపోతే రోము వదిలి వచ్చేయమని అదే కకోకు హుకుం పంపాడు. కకో మంచి మనిషి. తాను వెళ్లిపోతే తెగదెంపులని అందరూ అనుకుంటారు కాబట్టి కొన్సాల్వే స్వయంగా పారిస్ వెళ్లాలని సలహా ఇచ్చాడు. జనం చూసి భయపడకుండా ఇద్దరూ ఒకే బండిలో రోము దాటారు. జూన్ 6న బయలుదేరిన కొన్సాల్వి 20న పారిస్ చేరాడు.

అక్కడ మూడు వారాలు చిత్తుప్రతుల యుద్ధం. నెపోలియన్ తరఫున వందే ప్రాంతం నుంచి వచ్చిన బెర్నియే అనే గురువు. కొన్సాల్వికి సాయంగా స్పీనా, కసెల్లి. జూలై 13 సాయంత్రం నెపోలియన్ అన్న జోసెఫ్ ఇంట్లో సంతకాలకు కూర్చున్నారు. మర్నాడు 14న రిపబ్లిక్ పండుగ. విందులో ఒప్పందం ప్రకటించాలని నెపోలియన్ పట్టుదల. తీరా కాగితం తీసి చదివితే అది అంతకుముందు ఒప్పుకున్న పాఠం కాదు. కొన్సాల్వి కలం కింద పెట్టేశాడు. ఆ రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా నిద్ర లేకుండా మళ్లీ మొదటి నుంచి ఒక్కో వాక్యం కూర్చారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ప్రసంగాల్లో ఇది చెప్పరు. దొంగ కాగితం ముందు పెట్టి మోసం చేయబోయారని కొన్సాల్వి తన జ్ఞాపకాల్లో రాశాడు. ఆ జ్ఞాపకాలు పదేళ్ల తర్వాత ప్రవాసంలో, దగ్గర దస్తావేజులు లేకుండా గుర్తున్నదాన్ని బట్టి రాసినవి. అచ్చయింది 1864లో. చర్చల తాలూకు కాగితాలు తర్వాత బయటపడ్డాయి. అందులో జూలై 13న బెర్నియే పంపిన చీటీ ఉంది. మొదట మీ ముందు పెట్టబోయేది ఇది, జాగ్రత్తగా చదవండి, నిరాశ పడకండి అని దాని సారాంశం. అంటే ఆయనకు ముందే కొంత హెచ్చరిక అందింది. నెపోలియన్ పక్షం మాట మార్చిన సంగతి నిజమే, కానీ బల్ల దగ్గర ఒక్కసారిగా బయటపడ్డ దగా అన్నంత నాటకీయం కాదు. జ్ఞాపకాల్ని చదవండి, ఎంతో విలువైనవి. పక్కన పత్రాలు పెట్టుకుని చదవండి.

ఇంతకీ ఆ రాత్రి ఎందుకు తగువాడారు? చివరికి తేలకుండా మిగిలింది ఒకే ఒక్క అంశం. ఆరాధన బహిరంగంగా జరగొచ్చు, కానీ పోలీసు నిబంధనలకు లోబడి అని ఫ్రెంచివాళ్లు రాశారు. ఆ ఒక్క మాటతో రేపు ప్రభుత్వం పండుగ ఊరేగింపు నుంచి ప్రసంగం దాకా దేన్నైనా ఆపగలదు. కొన్సాల్వి దానికి ఒప్పుకోలేదు. 14 సాయంత్రం విందులో నెపోలియన్ అందరి ముందూ మండిపడ్డాడు. పోపుతో తెగదెంపులు చేసుకున్న ఇంగ్లాండు రాజు ఎనిమిదవ హెన్రీలా తానూ చేయగలనని బెదిరించాడు. ఆస్ట్రియా రాయబారి కోబెంజల్ కల్పించుకుని ఇంకొక్క విడత చర్చకు ఒప్పించాడు. 15న మళ్లీ కూర్చున్నారు. ప్రజా ప్రశాంతతకు అవసరమని ప్రభుత్వం భావించిన పోలీసు నిబంధనలు అని హద్దు గీసే మాట చేర్చాక, అర్ధరాత్రి దాటే వేళకు కొన్సాల్వి సంతకం చేశాడు. మొత్తం 17 అధికరణాలు.

ఇప్పుడు ఆయన ఇచ్చినవి చూడండి. జప్తు చేసి అమ్మేసిన శ్రీసభ ఆస్తుల్ని తిరిగి అడగబోమని మాట ఇచ్చాడు. బిషప్పుల్ని నెపోలియన్ ఎంపిక చేస్తాడు, పోపు అధికారం ఇస్తాడు అన్నాడు. కథోలిక మతం రాజ్య మతం అన్న హోదా వదులుకుని, ఫ్రెంచి పౌరుల్లో అత్యధికుల మతం అనే వాక్యంతో సరిపెట్టుకున్నాడు. అన్నిటికంటే కష్టమైనది, విశ్వాసం కోసం దేశాలు పట్టిపోయిన పాత బిషప్పుల్ని కూడా రాజీనామా చేయమని పోపు చేత అడిగించాడు. ముప్పై మందికి పైగా ఒప్పుకోలేదు. రోము తమను అమ్ముకుందన్నారు. వాళ్ల బాధను నేను తేలిగ్గా తీసుకోలేను. అన్నీ పోగొట్టుకుని నిలబడ్డవాళ్లు, చివరికి నిలబడ్డందుకే పదవి వదలాల్సి వచ్చింది.

అయినా ఒక్క సంగతి గమనించాలి. దేశంలోని బిషప్పులందరినీ ఒక్క ఉత్తరంతో తప్పించే అధికారం పోపుకు ఉందని ఫ్రాన్సు పాలకుడే ఒప్పుకున్నట్టయింది. పూర్వపు ఫ్రెంచి రాజులు ఏనాడూ దీనికి ఒప్పుకోలేదు. భూములు పోయాయి, చీలిక మానింది, పోపు మాటకు ఫ్రాన్సులో మునుపు లేని బరువు వచ్చింది. నెపోలియన్ మాత్రం మోసం మానలేదు. 1802 ఈస్టర్‌కు ఒప్పందాన్ని ప్రకటించేటప్పుడు పోపుతో మాటైనా చెప్పకుండా 77 అదనపు నిబంధనల్ని దానికి తగిలించాడు. రోము ఆక్షేపించింది, ఒప్పందాన్ని మాత్రం తెంచుకోలేదు. అది 1905 దాకా నడిచింది. అల్సాస్, మొజెల్ ప్రాంతాల్లో ఇప్పటికీ అమల్లో ఉంది.

అపోహ: "శ్రీసభను నాశనం చేస్తా" అని నెపోలియన్ అంటే, "పద్దెనిమిది వందల ఏళ్లుగా మా గురువులమే చేయలేకపోయాం" అని కొన్సాల్వి జవాబిచ్చాడు.

వాట్సాప్‌లో బాగా తిరిగే కథ. నేను చూసిన ఏ సమకాలీన పత్రంలోనూ ఇది లేదు. పైగా ఆ మాట అన్నాడనే రోజులకు ఆయన గురువు కాదు, ఎప్పటికీ కాలేదు కూడా. పారిస్ చర్చల్లో కొన్సాల్వి చమత్కారాలతో కాదు, కామాలతో పోరాడాడు. దయచేసి ప్రసంగాల్లో ఈ కొటేషన్ వాడొద్దు.

అపోహ: పట్టాభిషేకం రోజు నెపోలియన్ పోపు చేతిలోని కిరీటం లాక్కుని పెట్టుకున్నాడు.

1804 డిసెంబరు 2న నెపోలియన్ తన తలమీద తానే కిరీటం పెట్టుకున్నాడు. కానీ అది అప్పటికప్పుడు చేసిన అవమానం కాదు, ముందే మాట్లాడుకున్న తంతు. కొన్సాల్వి ఆ రోజు పారిస్‌లోనే లేడు. పోపు దూరంగా ఉన్నన్నాళ్లూ రోములో ప్రభుత్వం నడిపింది ఆయనే.

అపోహ: నల్ల కార్డినళ్లు (1810లో నెపోలియన్ పెళ్లికి వెళ్లని కార్డినళ్లు) నిరసనగా తమంతట తామే నల్లబట్టలు వేసుకున్నారు.

ఇది తిరగేసి చెప్పే కథ. 1806లోనే నెపోలియన్ ఒత్తిడికి కొన్సాల్వి మంత్రి పదవి నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. బ్రిటన్‌కు రేవులు మూసేయాలని, తన శత్రువుల్ని పోపు కూడా శత్రువులుగా చూడాలని చక్రవర్తి డిమాండు. అందరికీ తండ్రిగా ఉండాల్సినవాడు ఒకరి యుద్ధంలో చేరలేడని పోపు జవాబు. 1808 ఫిబ్రవరిలో ఫ్రెంచి సైన్యం రోములో దిగింది. 1809లో రాజ్యాన్ని కలిపేసుకున్నారు, పోపు వెలివేత ప్రకటించాడు, జూలై 5 అర్ధరాత్రి దాటాక జనరల్ రాదే క్విరినాల్ భవనంలోకి నిచ్చెనలతో దిగి పోపును పట్టుకెళ్లాడు. కార్డినళ్లను పారిస్‌కు తరలించారు. కొన్సాల్వికి పింఛను ఇస్తామన్నారు. పోపు చెరలో ఉండగా తాను తీసుకోనన్నాడు.

1810 ఏప్రిల్‌లో నెపోలియన్ ఆస్ట్రియా రాకుమారి మరీ లూయీజ్‌ను పెళ్లాడాడు. మొదటి భార్య జోసెఫీన్‌తో జరిగిన వివాహం చెల్లదని పారిస్ మేత్రాసన న్యాయస్థానం తేల్చింది. రాజుల వివాహాల మీద తీర్పు చెప్పే అధికారం పోపుదే, ఆ పోపు సవోనాలో బందీ. అందుకని 13 మంది కార్డినళ్లు పెళ్లి తంతుకు వెళ్లకూడదని నిశ్చయించుకున్నారు. కొత్త వివాహం తప్పని గానీ, పుట్టబోయే బిడ్డ వారసుడు కాడని గానీ వాళ్లు ప్రకటన చేయలేదు. సాన్‌క్లూలో రాకుమారిని పరిచయం చేసే సభకు వెళ్లారు కూడా. ఎక్కడ వాళ్ల హాజరు సాక్ష్యం అవుతుందో అక్కడికి మాత్రం వెళ్లలేదు. పోలీసు మంత్రి ఫుషే ముందే పిలిచి నచ్చజెప్పాడు, ముఖ్యంగా కొన్సాల్వికి. వినలేదు.

ఏప్రిల్ 2న లూవ్ర్‌లో మతపరమైన వివాహం. ఖాళీ కుర్చీలు చూసి నెపోలియన్ రగిలిపోయాడు. మర్నాడు ట్విలరీస్‌లో అభినందన సభకు వచ్చిన ఆ 13 మందినీ గంటల తరబడి నిలబెట్టి, తర్వాత అందరూ చూస్తుండగా బయటికి పంపేశాడు. ఎర్ర దుస్తులు, గుర్తులు తీసేయాలని, మామూలు గురువుల్లాగా నల్లబట్టలే వేసుకోవాలని శిక్ష. ఆదాయాలు ఆపేశారు. ఇద్దరిద్దరిగా ఊళ్లకు పంపేశారు. కొన్సాల్వికి బ్రాంకదోరో కార్డినల్‌తో కలిసి రాన్స్ నగరం పడింది. జ్ఞాపకాలు రహస్యంగా రాసింది అక్కడే.

1801లో అంత సర్దుకుపోయిన మనిషి 1810లో ఒక పెళ్లికి వెళ్లడం దగ్గర ఎందుకు బిగుసుకున్నాడని విద్యార్థులు అడుగుతారు. నా సమాధానం ఇది: 1801లో ఆయన ఇచ్చినవి శ్రీసభ చేతిలో ఉన్నవి, ఇచ్చే అధికారం పోపు స్వేచ్ఛగా వాడినవి. 1810లో అడిగింది బందీగా ఉన్న పోపు అధికారాన్ని ఆయన వెనుక వేరొకరికి అప్పగించడం. అది కొన్సాల్విది కాదు. తనది కానిది ఎలా ఇస్తాడు?

1813 జనవరిలో ఫోంతెన్‌బ్లోలో అలసిపోయి, జబ్బుపడి ఉన్న పోపు చేత నెపోలియన్ ఒక కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టించాడు. ఆ తర్వాతే కార్డినళ్లను వదిలారు. కొన్సాల్వి, పక్కా అనే మరో కార్డినల్ వెళ్లి చూసేసరికి పోపు పశ్చాత్తాపంతో కుమిలిపోతున్నాడు. వాళ్ల సలహాతో మార్చి 24న తన చేత్తో ఉత్తరం రాసి ఆ సంతకం వెనక్కి తీసుకున్నాడు. 1810లో ఆ 13 మంది పట్టుకున్న గీత అప్పుడు ఎంత పనికొచ్చిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: వియన్నాలో కథోలిక రాజులు జాలిపడి పోపుకు రాజ్యం ఇచ్చేశారు.

నెపోలియన్ పతనమయ్యాక ఐరోపా సరిహద్దుల్ని తిరిగి గీయడానికి 1814-15లో దేశాలన్నీ వియన్నాలో సమావేశమయ్యాయి. అక్కడ కథోలిక ఆస్ట్రియాయే పోపు రాజ్యంలో ముక్కల మీద కన్నేసింది. ఫలవంతమైన బొలోన్యా, ఫెరారా, రవెన్నా ప్రాంతాలు వదలడం దానికి ఇష్టం లేదు. అండగా నిలిచినవాళ్లలో ప్రొటెస్టంట్ బ్రిటన్ ఉంది. 1814 వేసవిలో కొన్సాల్వి లండన్ వెళ్లాడు. 1558లో పోల్ కార్డినల్ చనిపోయాక ఇంగ్లాండు పాలకుడు అధికారికంగా స్వాగతించిన మొదటి కార్డినల్ ఈయనే. కథోలికులకు పార్లమెంటులో కూర్చునే హక్కు లేని కాలమది. బ్రిటన్ మంత్రి కాసిల్‌రే ఆయన్ని మెచ్చుకున్నాడు. తర్వాత చిత్రకారుడు థామస్ లారెన్స్ ఆయన బొమ్మ గీశాడు, అది విండ్సర్ కోటలో నెపోలియన్‌ను ఓడించినవాళ్ల చిత్రాల మధ్య ఉంది.

1815 జూన్‌లో ఒప్పందం ముగిసేసరికి అద్రియాటిక్ తీరపు ప్రాంతాలు, బొలోన్యా వైపు ప్రాంతాలు, బెనెవెంతో, పొంతెకొర్వో తిరిగొచ్చాయి. అవిన్యోన్, పో నదికి ఉత్తరాన ఉన్న ఫెరారా భాగం రాలేదు. కొన్సాల్వి ఆక్షేపణ పత్రం దాఖలు చేసి ఊరుకున్నాడు. రాయబారుల వరుసలో పోపు ప్రతినిధికి ఉండే ప్రాధాన్యం మారకూడదని కూడా అక్కడ రాయించుకున్నారు. 1961 వియన్నా ఒప్పందంలోనూ అందుకు చోటుంది. నెపోలియన్ 1797లో తొలెంతీనో ఒప్పందంతో పట్టుకుపోయిన వంద కళాఖండాల్ని తేవడానికి శిల్పి కనోవాను పారిస్‌కు పంపించారు. లావొకూన్, బెల్వెదెరె అపోలో తిరిగొచ్చాయి. అన్నీ రాలేదు.

అపోహ: తిరిగొచ్చాక కొన్సాల్వి ఉదారవాద సంస్కర్త. కాదు, పాతకాలం తిరిగి తెచ్చినవాడు.

రెండు మాటలూ వింటుంటాను. 1814లో ఆయన విదేశాల్లో ఉండగా రోములో రివరోలా అనే మతాధికారి, పక్కా కార్డినల్ కలిసి ఫ్రెంచివాళ్లు తెచ్చిన చట్టాలన్నీ ఒక్క కలంపోటుతో కొట్టేశారు. కొన్సాల్వి తిరిగొచ్చాక ఆ వేగానికి కళ్లెం వేశాడు. 1816 జూలై 6 శాసనంతో రాజ్యమంతా ఒకే పద్ధతిలో ప్రాంతాలుగా విభజించాడు, జమీందారీ హక్కుల్ని తగ్గించాడు, నేర దర్యాప్తులో చిత్రహింసలు పెట్టడాన్ని రద్దు చేశాడు. ఇందుకే సంప్రదాయ కార్డినళ్లు ఆయన్ని ద్వేషించారు.

కానీ ఆయన్ని ఇప్పటి ప్రజాస్వామ్యవాదిగా చూపించడం నాకు నచ్చదు. పెద్ద పదవులన్నీ మతాధికారుల చేతుల్లోనే ఉన్నాయి. ప్రజలకు రాజ్యాంగం ఇవ్వాలన్న ఆలోచన ఆయనకు లేదు. కార్బొనారి రహస్య సంఘాల మీద 1821లో పోపు శాపపత్రం వచ్చింది ఆయన మంత్రిగా ఉండగానే. రోములో యూదులు విడిగా బతకాల్సిన వాడ (గెట్టో) నుంచి ఫ్రెంచివాళ్లు వాళ్లను విడిపించారు, పోపు పాలన తిరిగొచ్చాక ఆ కట్టడి మళ్లీ వాళ్ల నెత్తిన పడింది. దాన్ని ఆయన తొలగించలేదు. ఇది ఆయన ఖాతాలో రాయాల్సిన లోటు, దాచి చెప్పడం చరిత్ర కాదు. కథోలికులుగా మనం ముందు ఒప్పుకోవాల్సింది ఇదే.

ఆయన మనసు ఎటువైపు మెత్తబడేదో చూడాలంటే చీమరోసా సంగతి చూడాలి. సంగీతకారుడు చీమరోసా 1799లో నేపుల్స్ రిపబ్లిక్‌ను సమర్థించి జైలు పాలయ్యాడు. 1801లో వెనిస్‌లో చనిపోయాడు. కొన్సాల్వికి ప్రాణ స్నేహితుడు. అతని విగ్రహాన్ని కనోవా చేత చెక్కించాడు, కూతుళ్ల బాగోగులు చూశాడు.

అపోహ: ఆయన శత్రువుల చేతిలో ఓడిపోయి, చేదు మనసుతో పోయాడు.

1823 ఆగస్టు 20న ఏడవ పయస్ చనిపోయాడు. సెప్టెంబరులో ఎన్నికైన పన్నెండవ లియో, 1814లో పారిస్‌లో కొన్సాల్వి చేత గట్టి చీవాట్లు తిన్న దెల్లా జెంగానే. మంత్రి పదవి వెంటనే పోయింది. అయితే కథ అక్కడ ఆగలేదు. కొత్త పోపు ఆయన్ని పిలిపించుకుని సలహాలు విన్నాడు, 1824 జనవరిలో విశ్వాస వ్యాప్తి శాఖ అధిపతిగా నియమించాడు. ప్రపంచంలోని మిషన్లన్నీ ఆ శాఖ కిందివే. తెలుగు నేల మీది పాత కర్ణాటక మిషన్ క్రైస్తవులు కూడా. ఆ మిషన్‌ను నడిపిన యేసు సభ (జెస్యూట్లు) 1773లో రద్దయ్యాక వాళ్ల బాధ్యత పారిస్ విదేశీ మిషన్ల సంఘానికి వచ్చింది. విప్లవంలో ఆ సంఘం సెమినరీ మూతపడటంతో కొత్త గురువులు రావడం ఆగిపోయింది. పారిస్‌లో జరిగినవి మన పల్లెల దాకా ఇలా తగిలాయి. ఆ శాఖలో కొన్సాల్వికి పని చేసే వ్యవధి దొరకలేదు. జనవరి 24న చనిపోయాడు, 66 ఏళ్లు.

దేశాల రాజులు ఇచ్చిన విలువైన కానుకల్ని అమ్మి మంచి పనులకు వాడమని వీలునామాలో రాశాడు. తనను 1807లో పోయిన తమ్ముడు అంద్రేయా పక్కనే సాన్ మర్చెల్లో గుడిలో పాతిపెట్టమన్నాడు. సెయింట్ పీటర్స్‌లో ఏడవ పయస్‌కు సమాధి కట్టడానికి తన డబ్బు కేటాయించి, ఆ పని డెన్మార్క్ శిల్పి తోర్వాల్సెన్‌కు అప్పగించాడు. తోర్వాల్సెన్ ప్రొటెస్టంట్ కావడంతో రోములో గొడవ జరిగింది, అయినా పని ఆగలేదు. సమాధి 1831లో పూర్తయింది. పాంథియాన్‌లో ఉన్న కొన్సాల్వి స్మారకం కూడా అదే శిల్పి పని.